తెచ్చిన చెయ్యి

"ఈ సీసా మూతెవలు తీసినారు?"

కస్తూరి మళ్ళీ అడిగింది.

తండ్రి సన్యాసిరావు గుమ్మంలో కూర్చుని, రైల్వే లోకోషెడ్డుకి వేసుకెళ్ళే బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. ఇవాళ ఆయన డ్యూటీకి సెలవు పెట్టాడు. వంటింట్లో ధనమ్మ ఎసటి గిన్నె దించి, మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించింది. ఈ ఇంట్లో తప్పు ఎవరిదో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. గిన్నెల చప్పుడు ఎటు వినిపిస్తే అటు చూస్తే చాలు.

సీసా నూకాలమ్మ పటం ముందు ఉంది. బొటనవేలంత గాజు సీసా. నిన్నటి దాకా దాని అడుగున చిటికెడు తెల్లటి పొడి ఉండేది. కలకత్తా నుంచి బొంబాయి లాబొరేటరీకి దాన్ని ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని బయల్దేరిన కస్తూరి, తమ్ముడి జబ్బు కబురు విని నిన్న దారిలో, అమ్మానాన్నలుండే టాటానగర్‌లో దిగిపోయింది. వీళ్ళ పేట పర్సుడీహ్‌లో ఈ ఇళ్ళ వరసకంతటికీ ఫ్రిజ్ ఉన్నది పక్కింటి సరస్వతమ్మకే. ఆమెను బతిమాలి, మంచు గడ్డకట్టే అరలో తన చేత్తోనే పెట్టి వచ్చింది. ఇప్పుడు ఆ సీసాకి పసుపు రాసి ఉంది, మధ్యలో కుంకుమ బొట్టు. లోపల మెడ దాకా పసుపు నీళ్ళు.

"నానే తీసినాను," అంది ధనమ్మ లోపలినుంచే. "సరస్వతమ్మ కాడికెల్లి పట్టుకొచ్చినాను. మందు మనింటికొత్తే అమ్మోరి కాడెట్టకుండా ఇంకోలింట్లో దాత్తావేటి? అమ్మోరి నీళ్ళు కలపకుండా ఈ ఇంట్లో ఎవలు మందు తాగినారు? మీ నాన్న మలేరియా బిళ్ళలు కూడా ఆ నీళ్ళతోటే మింగినాడు."

"అమ్మా, అది..."

సన్యాసిరావు చటుక్కున చెయ్యెత్తాడు. లోపలి గది తలుపు వైపు చూపించాడు.

"గొంతు తగ్గించమ్మీ. గుంటడు లేసే ఉన్నాడు."

ఆ పొడి కోసం కస్తూరి రీసెర్చి గైడు విదేశాల్లో తనకి తెలిసినవాళ్ళందరికీ మొర పెట్టుకున్నాడు. అది వచ్చిన రోజు లాబొరేటరీలో అందరూ దాన్ని చేతిలోకి తీసుకోవడానికి భయపడ్డారు. ఇప్పుడది తీర్థం. కస్తూరికి ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా తీరిక ఉండాలి కదా.

అయినా ఇవాళ్టి గొడవ పొడి పోయినందుకు కాదు. లోపలి గదిలో ఉన్న తమ్ముడు చిన్నారావు ఆ సీసాని నమ్ముకుని, ఆసుపత్రికి రానని మొండికేశాడు. అదీ గొడవ.

రక్తపు జబ్బు. మొదటి విడత ఇంజెక్షన్లకే జుట్టంతా ఊడింది, నోరు పుళ్ళు పడింది, మజ్జిగ గుటక వేసినా కళ్ళ వెంట నీళ్ళు. ఒళ్ళు కొంచెం కూడదీసుకోమని ఇంటికి పంపారు. ఇవాళ రెండో విడత మొదలుపెట్టాలి. "ఇప్పుడు ఆపితే మొదటిసారి పడ్డ బాధంతా వృథా. జబ్బు తిరగబడితే మా చేతుల్లో ఉండదు," అని డాక్టరు సన్యాసిరావుని పక్కకి పిలిచి మరీ చెప్పాడు. సాయంత్రం దాకా మంచం అట్టేపెడతామన్నారు. ఆ తర్వాత దానికి వేరే రోగి ఉన్నాడు.

మందు అన్న మాట కస్తూరి అనలేదు. ఆ మాట ఆమె పెదవి దాటలేదు. నిన్న సాయంత్రం సీసా చూసి చిన్నారావు, "యే క్యా హై, దీదీ?" అనడిగాడు. వాడి మొహంలో ఆ మాత్రం ఉత్సాహం చూసి ఆమె పొంగిపోయింది. కణంలో కైనేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుందనీ, అది వేరే ప్రోటీన్లకి ఫాస్ఫేటు ముక్క తగిలించి వాటి చేత పని మొదలెట్టిస్తుందనీ, ఈ పొడిలోని పెప్టైడ్ పోయి దానికి అడ్డం కూర్చుని ఆపేస్తుందనీ చెప్పింది.

"చెడ్డ కణాల్లో కూడా ఉంటాదా ఆ ఎంజైమ్?" అన్నాడు వాడు.

"ఉంటాది."

ప్రతి మాటా నిజమే. ఆ రాత్రి వాడు చాలా రోజుల తర్వాత నిద్రపోయాడు. పొద్దున్నే లేచి, ఆసుపత్రి సంచీ మంచం కిందికి తన్నేశాడు. అక్క మందు తెచ్చింది, ఇక సూదులెందుకు అన్నాడు. నిజాలన్నీ వరసగా పేర్చి వాడు ఏ ఇల్లు కట్టుకున్నాడో కస్తూరికి అప్పుడు తెలిసింది.

వాడికి మాటలు వినపడకుండా ముగ్గురూ పెరట్లోకి వెళ్ళారు. కుళాయి దగ్గర ధనమ్మ కొంగు నడుముకి చుట్టి నిలబడింది, పోట్లాటకి సిద్ధంగా.

"నీ చేత్తో ఇయ్యి," అంది. "నాను ఇచ్చీసుందును పొద్దున్నే. తెచ్చిన చెయ్యే ఇవ్వాలని ఆగినాను. మందు సగం, హస్తవాసి సగం. నువ్వు నోట్లో పొయ్యి, ఆడు తాగుతాడు."

"అమ్మా, నేను చెప్పేది వినవేటి? అది మందు కాదు."

"మందు కాకపోతే ఐసులో ఎందుకెట్టినావు? పసిపిల్లని మోసినట్టు గుండెకి అదుముకుని రైలు దిగినావు, నాను సూడలేదా?"

"పాడవకుండా. అది లాబొరేటరీలో వాడతారు. గాజు గొట్టంలో కణాల రసం తీసి, అందులో ఇది వేస్తాం. ఆ ఎంజైమ్ ఆగిపోతాది. అది ఆగితే ఏ పనులు ఆగిపోతున్నాయో చూత్తాం. ఏ పనికి ఆ ఎంజైమ్ కారణమో అప్పుడు తెలుస్తాది. అంతే అమ్మా. తెలుసుకోవడానికి."

సన్యాసిరావు వంగి బూటు లేసు బిగించాడు.

"అంటే సిగ్నల్ ఇవ్వకుండా ఆపి, ఏ బండి నిలబడిపోతాదో సూడడవన్నమాట," అన్నాడు. "బండి బాగు సెయ్యడం కాదు."

"అవును నాన్నా."

"తాగితే?"

"పప్పన్నం అరిగినట్టు అరిగిపోతాది. రక్తంలోకి ఎక్కించినా కణం పొర దాటి లోపలికి పోలేదు. ఎప్పుడో, ఎవరో, దీన్ని చూసి మందు చేయడం నేర్చుకుంటారు. ఇప్పుడు కాదు."

"ఎప్పుడు?" అంది ధనమ్మ.

కస్తూరి కుళాయి బిగించింది.

"ఎప్పుడే? వచ్చే నెలకా? దసరాకా?"

"అమ్మా."

"మరి నువ్వు ఇన్నేళ్ళూ కలకత్తాలో ఏటి సదివినావు?"

ఆ మాట ధనమ్మ కసిగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. అందుకే అది కస్తూరికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆమె దగ్గర సమాధానం ఉంది, మంచి సమాధానమే. సెమినార్లలో చాలాసార్లు చెప్పింది. కుళాయి దగ్గర అమ్మకి చెప్పే సమాధానం కాదది.

గోడకవతల సరస్వతమ్మ ఇంట్లో రేడియో మోగుతోంది. వీళ్ళు వాదించుకోవడం మానేసరికి ఆ పాట మరీ గట్టిగా వినపడుతోంది. ధనమ్మ కొంగు విప్పుకుంది. కుళాయి గట్టు అంచున కూర్చుంది. కూతురి మాట నమ్మిందని చెప్పడానికి అదొక్కటే గుర్తు. నమ్మకపోతే ఆమె నిలబడే ఉండేది.

తనే అంది, తలెత్తకుండా.

"అబద్దం సెప్పు."

"ఏటీ?"

"మందేనని సెప్పు. ఇది తాగినాక సూదులు కూడా పడితేనే పని సేత్తాదని సెప్పు. నీ మాటయితే ఆడు వింటాడు. నాను బతిమాలినాను, మీ నాన్న కాళ్ళు పట్టుకున్నంత పని సేసినాడు. మాకు సదువు లేదు కదా, మా మాటెందుకు వింటాడు. నువ్వు సెప్పు."

"వాడికి నేను అబద్ధం చెప్పలేనమ్మా."

"నిజం సెప్పి సంపుతావా?"

"రేపు వాడికి తెలుస్తాది. నోరు పుండైపోయి, వాంతులు చేసుకుంటూ, అక్క ఇచ్చిన మందు ఏమైందని అడుగుతాడు. అప్పుడు ఏటి చెప్పమంటావు?"

"రేపు అడగడానికి ఆడు ఉండాల కదా."

కస్తూరి తండ్రి వైపు తిరిగింది. చిన్నప్పటినుంచీ ఇంట్లో తగువొస్తే చివరి మాట ఆయనదే. ఎప్పుడో గాని అనడు కాబట్టి అంటే దానికి తిరుగుండదు. సన్యాసిరావు రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. బొగ్గు, నూనె ఇంకిపోయిన ఆ చేతులు ఎంత తోమినా తెల్లబడవు.

"మీయమ్మ సెప్పినట్టు సెయ్యమ్మా," అన్నాడు. "ఆడు బండెక్కితే సాలు. తరవాత నన్ను తిట్టుకోమను."

వీధిలో టెంపో వచ్చి ఆగిన చప్పుడయింది. సన్యాసిరావుతో పాటు షెడ్డులో పనిచేసే అప్పలసూరిది. నిన్ననే మాట్లాడిపెట్టారు. అతను దిగలేదు. ఇలాంటి ఇంట్లోకి పిలవకుండా రాకూడదని అతనికి తెలుసు. ఒక్కసారి హారన్ కొట్టి ఊరుకున్నాడు.

కస్తూరి లోపలికి వెళ్ళి పటం ముందునుంచి సీసా తెచ్చింది.

"ఈ నీళ్ళు వాడికి పట్టకూడదు. పచ్చినీళ్ళు. వాడి ఒంట్లో ఇప్పుడు దేనికీ ఎదురు తిరిగే బలం లేదు. డాక్టర్లు చెప్పారు కదా, మరగబెట్టినవే ఇమ్మని."

"అమ్మోరి నీళ్ళే," అంది ధనమ్మ, కాని గొంతులో పట్టు లేదు. "మోరీలో పొయ్యకు. ఇలగియ్యి."

ఆమే తీసుకెళ్ళి మందార మొక్క మొదట్లో, ఎవరి కాలూ పడని చోట వంపింది. కస్తూరి చూస్తూ నిలబడింది. బొంబాయిలో ఆ పొడి కోసం ఎదురు చూస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలో తర్వాత ఆలోచించుకోవచ్చు. మందార మొక్కకి ఏ ఎంజైమ్ ఆగుతుందో ఎవరు చూడొచ్చారు అనుకుంది, నవ్వు రాలేదు.

సీసా వేడినీళ్ళతో కడిగింది. చిన్నారావు కోసం మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు చెంబులోంచి నింపింది. ఇప్పుడందులో మందు లేదు, పెప్టైడ్ లేదు, అమ్మవారూ లేదు. ఉత్త నీళ్ళు. ధనమ్మ వేలితో సీసాకి కొత్తగా బొట్టు పెట్టింది.

"ఇదైనా ఉండనీ," అంది.

* * *

చిన్నారావు గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. మంకీ క్యాపు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బోడి తల మీద నీలం నరాలు కనిపిస్తున్నాయి. ఐటిఐలో వెల్డింగు నేర్చుకుంటూ, వీధిలో పిల్లలందరికీ సైకిలు నేర్పిన వాడు. ఇప్పుడు వాడి మెడ వాడి తలనే మొయ్యలేకపోతోంది.

"పెరట్లో ఏటి మీటింగు?" అన్నాడు. పుళ్ళ నోటితో మాట ముద్దగా వస్తోంది. "ఇత్నా టైమ్ లగ్తా హై క్యా?"

"అమ్మ పూజకి ఇంతసేపు పట్టింది," అంది కస్తూరి.

"టెంపో చాచాని ఎల్లిపోమను. నేను రాను."

కస్తూరి మంచం మీద కూర్చుంది. ధనమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె వెనక సన్యాసిరావు.

"చిన్నా, ఇది ఒక్కటే చాలదురా. దీని వెనకాలే ఆ ఇంజెక్షన్లు పడాలి. రెండూ కలిస్తేనే పని చేస్తాది. ఇది తాగి ఊరుకుంటే తాగినట్టే కాదు."

అబద్ధం ఇంత నున్నగా వస్తుందని ఆమె అనుకోలేదు. నిజం చెప్పినప్పుడు ఎన్ని తడబాట్లు పడింది ఇందాక పెరట్లో. ఇప్పుడు మాటలు వాటంతట అవే కూడి వస్తున్నాయి.

చిన్నారావు సీసా వైపు చూశాడు.

"మళ్ళీ అవే సూదులు?"

"అవే."

"దీదీ, నీకు తెలీదు. ఆ సూది పడ్డ రాత్రి ఒంట్లో ఎముకలన్నీ ఎవడో పీకుతున్నట్టుంటాది. నేను అరవను. పక్క మంచం మీద ముసలాయన అరుస్తాడు, ఆయన అరిస్తే నాకు భయమేత్తాది. అందుకని అరవను."

ధనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఈసారి నేను కూడా ఉంటాను," అంది కస్తూరి. "బొంబాయి ఎళ్ళను. పక్కనే కూకుంటాను."

"సచ్?"

"సచ్."

వాడు కళ్ళు మూసుకున్నాడు. బయట అప్పలసూరి ఇంజను ఆపేశాడు. కళ్ళు మూసుకునే అన్నాడు వాడు.

"సరే. వత్తాను."

సన్యాసిరావు ఊపిరి వదిలిన చప్పుడు గదిలో వినపడింది. ఆయన వంగి మంచం కిందినుంచి సంచీ బయటికి లాగాడు. దుమ్ము దులిపాడు. ఇంతేనా అనిపించింది కస్తూరికి. ఇంత సులువా? సీసా మూత తీసింది.

"ఆగు," అన్నాడు చిన్నారావు.

కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళు మాత్రం పాత చిన్నారావువే, ఎవరినీ అంత త్వరగా వదిలిపెట్టే రకం కాదు.

"మేరీ కసమ్ ఖావో."

"ఏటిరా?"

వాడు మెల్లగా ముందుకి వంగాడు. బోడి తల ఆమె ముందుకి తెచ్చాడు.

"నా నెత్తి మీద చెయ్యెట్టి చెప్పు. ఇది నాకు మందేనని."

చిన్నతనంలో వీళ్ళిద్దరి మధ్యా ఉన్న కోర్టు అది. కస్తూరి బెల్లం తినేసి తినలేదనేది. వాడి గాలిపటం చింపేసి గాలికి చిరిగిందనేది. వాడు ఏడవడు, కొట్టడు, అమ్మతో చెప్పడు. వచ్చి తల వంచి నిలబడేవాడు. అంతే, ఆమె ఒప్పేసుకునేది. ఎవరి తల మీద చెయ్యేసి అబద్ధం ఆడితే ఆ తల నిలవదని వాళ్ళకి నేర్పింది ధనమ్మే. ఏదో గొడవలో కస్తూరి చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది, ఆ చెయ్యి నీది కాదు, తమ్ముడి ఆయుష్షు అని.

కస్తూరి ఇప్పుడు అవేం నమ్మదు. చెయ్యి తల మీద పెడితే చర్మానికి చర్మం తగులుతుంది, అంతకంటే ఏమీ జరగదు. ఆమెకి ఆ సంగతి తెలుసు. తెలిసినా చెయ్యి లేవడం లేదు. ఇంత చదివీ ఇదా అని తన మీద తనకే ఒళ్ళు మండింది. ఒక్క మాట, ఒక్క క్షణం. వాడు బండెక్కుతాడు. మంచం దొరుకుతుంది. సూదులు పడతాయి. బతికితే తర్వాత ఎంతైనా తిట్టుకోనీ.

సీసా ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడి చెయ్యి ఎత్తింది.

"ఒట్టు," అంది. "నీ మీద..."

"వద్దు!"

ధనమ్మ గుమ్మం దగ్గరనుంచి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియలేదు. కూతురి మణికట్టు రెండు చేతులతోటీ పట్టుకుని వెనక్కి లాగేసింది. గాజులు విరిగి మంచం మీద పడ్డాయి. సీసా ఒరిగి, నీళ్ళు సగం దుప్పటి మీద ఒలికిపోయాయి.

"ఆడి నెత్తి మీదొద్దు," అంది ధనమ్మ. "ఆడి మీదొద్దే. కావాలంటే నా మీదెయ్యి. నా నెత్తి మీదెయ్యి ఒట్టు. ఆడి మీదొద్దు."

అన్నాక తెలిసింది ఆమెకి, తను ఏమన్నదో.

సన్యాసిరావు సంచీ పట్టుకుని నిలబడ్డచోటే ఉండిపోయాడు. కస్తూరి తలెత్తలేదు. దుప్పటి మీద తడి మెల్లగా పాకుతోంది. పసుపు రంగు లేని ఉత్త తడి.

చిన్నారావు వంచిన తల ఎత్తాడు. అక్క వైపు చూడలేదు. అమ్మ వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఏదో లెక్క సరిచూసుకుంటున్న వాడిలా ఉన్నాడు.

"నీకు కూడా తెలుసా అమ్మా?" అన్నాడు. ఈసారి హిందీ ముక్క కలపకుండా, ఉత్త తెలుగులోనే.

వీధిలో అప్పలసూరి ఇంజను మళ్ళీ స్టార్టు చేశాడు. ధనమ్మ కూతురి చెయ్యి ఇంకా వదల్లేదు.